నిజము అను మాట పుట్టుక



వికారాబాదు పేరు మొదటిసారి విన్నవారు కొందరు ముఖము చిట్లింతురు. వికారమనగా మనకు కడుపులో త్రిప్పుట, లేదా రూపము చెడుట. అనంతగిరి కొండలు, పద్మనాభస్వామి సన్నిధి, మూసీనది పుట్టుచోటు దగ్గరనే గల ఊరికి ఇట్టి పేరేమని వారి సందేహము. సందేహము న్యాయమైనదే కాని, ఆ పేరు సంస్కృతము కాదు. హైదరాబాదు రాజ్యమునకు 1893 మొదలు 1901 వరకు ప్రధానమంత్రిగా నుండి, ఫలక్‌నుమా సౌధమును కట్టించిన పైగా వంశీయుడు వికారుల్ ఉమరా. ఆయన పేరు మీదుగా ఏర్పడిన ఊరిది. ఆ బిరుదములోని ‘వకార్’ అరబ్బీ శబ్దము. గాంభీర్యము, మర్యాద అని దానికి అర్థము. దాని ధాతువునందున్న మూలార్థము ‘బరువు’. మన ‘గౌరవ’ శబ్దము సైతము ‘గురు’ శబ్దము నుండి వచ్చినదే; గురు వనగా బరువైనది. ఎక్కడి అరబ్బు దేశము, ఎక్కడి ఆర్యావర్తము! పెద్దమనిషిని బరువైనవానిగా తలచుటలో ఇరువురును ఒక్కచోటనే కలిసిరి. కనుక వికారాబాదనగా నిజమునకు గౌరవపురమే.

‘నిజమునకు’ అని ఇప్పుడే అంటిని. నేటి ప్రసంగము ఆ మాటను గూర్చియే. సత్యము, నిజము, అసలు అని మనము రోజునకు నూరుమార్లు అనుచుందుము. మూడును ఒకటే యనుకొందుము. ఇవి మూడు వేర్వేరు ఇండ్లలో పుట్టి మన నోటిలో కాపురమునకు వచ్చిన మాటలు. పుట్టినింటి సంగతి తెలిసినచో, ఒక వస్తువును గాని ఒక మనిషిని గాని ‘నిజమైన’ అనుటకు మనకు గల అధికారమెంతయో తెలియును. అందుచేతనే ఈ విచారణ.

‘నిజ’ శబ్దము సంస్కృతము. ‘ని’ అను ఉపసర్గ, పుట్టుట యను అర్థము గల ‘జన’ ధాతువు, దాని మీద ఒక ప్రత్యయము. లోపలనే పుట్టినది, తనతోనే పుట్టినది అని భావము. జలజము, వనజము, సహజము అను మాటలలో చివరనున్న ‘జ’ కారమే ఇందును కలదు. అమరసింహుడు తన కోశమున ఈ శబ్దమునకు రెండు అర్థములు మాత్రమే చెప్పెను: తనదైనది, నిత్యమైనది. సత్యమను అర్థము ఆయన చెప్పలేదు. సంస్కృత కావ్యములలో నిజభుజము, నిజగృహము, నిజపుత్రుడు అన్నచోట తన భుజము, తన ఇల్లు, తన కుమారుడు అనియే గ్రహింపవలెను. తెలిసీ తెలియక ‘నిజపుత్రుడు’ అనగా సత్యమైన పుత్రుడని అర్థము చెప్పి, అయితే అబద్ధపు పుత్రుడెవరని ప్రశ్న వచ్చినపుడు తడబడిన వ్యాఖ్యాతలను నేనెరుగుదును. పేర్లు వద్దు.

ఉత్తర దేశమున నేటికిని ఆ ప్రాచీనార్థమే నిలిచియున్నది. హిందీలో ‘నిజీ’ యనగా సొంతము, ఇతరులకు సంబంధింపనిది. వంగభాషలో ‘నిజ’ మనగా తాను, తనది. గుజరాతు దేశపు ఆలయములలో గర్భగృహమును ‘నిజమందిర’ మందురు. స్వామి తనదిగా నివసించు గది యన్నమాట. దక్షిణమునకు వచ్చుసరికి మాట మారినది. తెలుగున నిజము, కన్నడమున నిజ, తమిళమున నిజమ్, అన్నిటను సత్యమే. ఈ రెండు అర్థములు కలియు గట్టు ఎక్కడనో చూడవలెనన్న, దూరము పోనక్కరలేదు, తాండూరు చాలును. 1956 నవంబరు 1వ తేదీ వరకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. ఆ దినము రాష్ట్రముల పునర్విభజనలో హైదరాబాదు జిల్లాలో చేరినది. 1874లో సికింద్రాబాదు నుండి వాడి వరకు వేసిన రైలుమార్గము ఈ రెండు ఊళ్ళ మీదుగానే పోవును. తెలుగు, కన్నడము, ఉర్దూ, కొంత మరాఠీ అక్కడి అంగడిలో ఒకే నోట వినవచ్చును. భావిగి భద్రేశ్వరుని జాతరకు వచ్చు కన్నడ భక్తుడు ‘నిజ’ మన్నచో మనకు వెంటనే తెలియును. మరాఠీ వానితో మాత్రము జాగ్రత్త! వాని భాషలో ‘నీజ’ యనగా నిద్ర. అది నిద్రా శబ్దము నుండి వచ్చిన వేరొక మాట. మనము నిజము చెప్పుమన్నచో అతడు పడుకొనుమన్నారని తలచినను తప్పులేదు.

నిజాము ప్రభువుల బిరుదునకు, మన నిజమునకు చుట్టరికము కలదా యని కూడ కొందరు పిల్లలు అడుగుదురు. లేదు. అది అరబ్బీ, ఏర్పాటు, క్రమము అని అర్థము. ముత్యములను దండగ్రుచ్చుట అను భావము ఆ ధాతువున కలదు.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ‘తనది’ యను మాట ‘సత్యము’ ఎట్లయినది? దీనికి సమాధానము నిఘంటువులలో కన్న మన దేవాలయములలో చక్కగా దొరకును. సింహాచలమున వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతయు చందనముచే కప్పబడి లింగాకృతిగా దర్శనమిచ్చును. వైశాఖ శుద్ధ తదియనాడు, అనగా అక్షయతృతీయ నాడు, ఆ చందనమును ఒలిచి స్వామిని చూపుదురు. దానికి ‘నిజరూప దర్శన’ మని పేరు. ఈ పేరును సంస్కృత పండితునికి చెప్పినచో ‘తన రూపము’ అని అర్థము చేసికొనును. తెలుగు భక్తుని అడిగినచో ‘సత్యమైన రూపము’ అనును. ఇరువురిలో ఎవరును పొరబడలేదు. తన రూపము ఏదో అదియే సత్యరూపము గదా! తిరుమలలో శుక్రవారపు నిజపాద దర్శనము అన్నను ఇంతే. ఇట్టి చోట్ల రెండు అర్థములు ఒకే మాటలో ప్రక్కప్రక్కన కూర్చుండినవి. కాలక్రమమున మొదటిది లేచి రెండవదానికి పీట విడిచినది. నా అభిప్రాయమున మన భాషలో మార్పు జరిగిన త్రోవ ఇదియే.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపవలెను. అక్షయతృతీయనాడు నిజరూపమును చూచితిమి కనుక మిగిలిన దినములలో చూచినది అబద్ధమా? ఆ రాత్రియే స్వామికి మూడు మణుగుల చందనము మరల సమర్పింతురు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందును అట్లే సమర్పింతురు. చందనస్వామిని సేవించినవాడు మోసపోయినవాడు కాడు. నిజము అను మాటకు ప్రక్కన నిలుచునది ఎల్లప్పుడును అబద్ధము కానక్కరలేదు.

పంచాంగము దీనికి మరియొక సాక్షి. 2023లో మనకు రెండు శ్రావణములు వచ్చినవి. సూర్యసంక్రమణము లేని చాంద్రమాసము అధికమాసము. ఆ సంవత్సరము జూలై 18 నుండి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణము, మరునాటి నుండి నిజ శ్రావణము. వరలక్ష్మీవ్రతము ఎప్పుడని మా ఇంటికి వచ్చి అడిగిన స్త్రీలు ఎందరో. నిజ శ్రావణమున, ఆగస్టు 25 శుక్రవారమున చేసికొనుడని చెప్పితిమి. ఒకామె, అట్లయిన మొదటి శ్రావణము అబద్ధపు మాసమా స్వామీ యని అడిగినది. మంచి ప్రశ్న. కాదమ్మా, దానికి పురుషోత్తమ మాసమని పేరు, జపదానములకు శ్రేష్ఠము. అది ఇంటికి వచ్చిన అతిథి వంటిది. రెండవది ఇంటిలో పుట్టినది. పంచాంగకర్తలు నిజ శబ్దమును అమరసింహుడు చెప్పిన అర్థముననే నేటికిని కాపాడుచున్నారు. మనము చదువుట మాత్రము వేరుగా చదువుచున్నాము.

సత్యము సంగతి వేరు. ఉండుట యను అర్థము గల ‘అస’ ధాతువు నుండి ‘సత్’, దాని నుండి సత్యము. ఉన్నదానికి తగినది సత్యము. యాస్కాచార్యులు నిరుక్తమున, సత్పురుషులయందు విస్తరించునది గనుకనో, సత్తు నుండి పుట్టునది గనుకనో సత్యమని రెండు విధములుగా చెప్పిరి. ఆంగ్లమున ఇప్పుడు వాడుక తప్పిన ‘సూత్’ అను సత్యవాచకము సైతము ఈ సత్ శబ్దమునకు దూరపు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు తేల్చిరి. అంతకంటె ఆశ్చర్యము, వారు నేడు కల్తీలేని వస్తువునకు వాడు ‘జెన్యూయిన్’ అను మాట. అది లాటిను నుండి వచ్చినది. అందలి ‘జెన్’ ధాతువు మన ‘జన’ ధాతువే; పుట్టుకతో వచ్చినది అని అర్థము. అనగా మన నిజమునకు, వారి మాటకు ధాతువొక్కటే. సముద్రములకు ఆవలనున్నవారును కల్తీలేనిదానిని పేర్కొనవలసి వచ్చినపుడు పుట్టుకనే తలచిరి.

ఛాందోగ్యమున ఉద్దాలక ఆరుణి తన కుమారుడగు శ్వేతకేతువునకు చేసిన ఉపదేశము మీరు వినియుందురు. పండ్రెండేండ్లు చదివి, ఇరువది నాలుగేండ్ల వయస్సున గర్వముతో ఇల్లు చేరిన కుమారుడు. తండ్రి వానికి మట్టిముద్దను చూపి, కుండలు, మూకుళ్ళు అన్నియు మాటచే ఏర్పడిన పేర్లు, అవి వికారములు, మట్టి యనునదే సత్యము అని చెప్పెను. వికారమనగా అచ్చట అసహ్యము కాదు, అబద్ధమును కాదు, మార్పు, రూపాంతరము. కుండ లేదని ఉద్దాలకుడు అనలేదు. కుండను చూచి మట్టిని మరచినవానికే ఆ ఉపదేశము. మన వికారాబాదు పేరు సంస్కృతమే యనుకొన్నను సిగ్గుపడవలసినది లేదని దీనిచే తెలియుచున్నది.

మూడవది ‘అసలు’. ఇది మన ప్రాంతమునకు బాగుగా పరిచయమైన మాట. అరబ్బీలో ‘అస్ల్’ అనగా చెట్టు వేరు, మొదలు. సంస్కృతమున మూలము. అందుచేతనే అప్పులో మొదటి సొమ్మును సంస్కృతమున మూలధనమనిరి, వాడుకలో అసలు అనిరి. అసలుకంటె వడ్డీ ముద్దని మనుమలనెత్తుకొన్న తాతలందరు అనుచున్నారు, నేనును అనుచున్నాను. ‘అసలు రాలేదు’ అన్నచో మొదలంటనే రాలేదని. అరబ్బీ వేరు తెలుగు నేలలో ఇంత లోతుగా పారినది.

అసలునకు జోడు ‘నకలు’. హైదరాబాదు రాజ్యమున ముందు పారసీ, 1880 దశకము నుండి ఉర్దూ అధికారభాషలు. కచ్చేరీలో ఏ కాగితమునకు ప్రతి వ్రాసినను దాని అడుగున ‘నకల్ ముతాబిక్ అసల్’ అని వ్రాసెడివారు. ఈ నకలు అసలుతో సరిపోవుచున్నది అని దాని భావము. అరబ్బీలో ‘నకల్’ అనగా ఒకచోటి నుండి మరియొకచోటికి మోసికొనిపోవుట. పెద్దల నుండి విన్న విద్యను తరువాతివారికి అందించుటకు సైతము వారు ఆ మాటనే వాడిరి. అట్లు వినికిడిచే వచ్చిన శాస్త్రములు వారి పాఠశాలలలో ఒక ప్రత్యేక తరగతి. కనుక నకలు మొదట తప్పుడు వస్తువు కాదు. దాని బిడ్డయే ‘నకిలీ’. ఒకే తల్లి కడుపున నమ్మకమైన ప్రతియు పుట్టినది, మోసపు సరుకును పుట్టినది.

రెండింటికిని తేడా ఎక్కడ? నేను చాల కాలము ఈ విషయమును ఆలోచించితిని. తాండూరు దిక్కున ఒక పల్లెలోని చిన్న గుడి అర్చకుని కథ నన్ను ఈ ఆలోచనకు పురికొల్పినది. స్వామి దీపారాధనకు పూర్వమెప్పుడో కొంత భూమి ఇనాముగా ఇవ్వబడినది. 1952లో హైదరాబాదు అతియాత్ విచారణల చట్టము, 1955లో ఇనాముల రద్దు చట్టము వచ్చిన పిమ్మట ఇట్టి భూముల విషయమున కాగితములకు ప్రాణము వచ్చినది. ఆ ఇంటివారి రేకుపెట్టెలో ఒక ఉర్దూ కాగితము కలదు. అది నకలు. అర్చకుడు దానిని ఒక కార్యాలయమునకు తీసికొనిపోగా అసలు తెమ్మనిరి. అసలు చెదలు తినినదో, ఎవరి బీరువాలో చిక్కినదో! ఆయన దానిని నా వద్దకు తెచ్చెను. నాకు ఉర్దూ చదువుట కొలదిగా వచ్చును. అడుగున ఆ మూడు మాటలు, ముద్ర, అసలు కాగితపు సంఖ్య, తేదీ స్పష్టముగా కలవు. తన వేరు ఎక్కడనున్నదో చెప్పుకొనుచున్న కాగితమది. నకిలీ కాగితము అట్లు చెప్పదు. అది తానే అసలునని చెప్పుకొనును. నాకు తోచిన తేడా ఇదొక్కటే. అర్చకునికి ఈ సంగతి చెప్పితిని. ఆయన విని, స్వామీ ఈ మాట వారికి చెప్పగలరా యనెను. వ్యాకరణముచే కార్యాలయపు తలుపులు తెరచుకొనవని నాకును తెలియును, ఆయనకును తెలియును. చిన్న గుడులవారు ఇంట నున్న పాత కాగితములను పారవేయకుండ, ప్రతులెత్తించి, పెద్దల చేత చదివించి పెట్టుకొనుట మంచిదని మాత్రము ఈ సందర్భమున మనవి చేయుచున్నాను.

ఆలయములో చూడుడు. గర్భగృహమున కదలక నిలిచియున్నది మూలవిరాట్టు. మూలమనగా వేరు, అరబ్బీవాని మాటలో అస్ల్. పల్లకిలో వీధులకు వేంచేయునది ఉత్సవమూర్తి. బోయీలు భుజముల మీద మోసికొనిపోవుదురు గనుక, ఆ ధాత్వర్థమును బట్టి నకలు. ఉత్సవమూర్తిని నకిలీ యని ఏ భక్తుడైనను అనునా? నడువలేని ముసలమ్మ గడపలో కూర్చుండి హారతి పట్టునది ఆయనకే గదా! మూలము నుండి ఆవాహన పొంది వచ్చిన మూర్తి గనుక ఆయన అసలుకు తక్కువ కాడు.

వేదము విషయమున ఇది మరింత స్పష్టము. వేదమునకు అసలు కాగితము లేదు. ఏ బీరువాలోను, ఏ తాళపత్ర భాండారములోను ఇది మొదటి ప్రతి యని చూపదగినది లేదు. మేము పాఠశాలలో చదువుకొను దినములలో గురువుగారు పుస్తకము ముట్టనిచ్చెడివారు కారు. సంత చెప్పుటయే పద్ధతి. వారు ఒకసారి చెప్పగా మేము రెండుసార్లు చెప్పవలెను, పిమ్మట వల్లె. పాణినీయ శిక్షలో అధమ పాఠకులు ఆరుగురని చెప్పి, రాగము తీయువానితో, తొందరపడువానితో, తల ఊపువానితో పాటు వ్రాసినది చూచి చదువువానిని కూడ చేర్చిరి. వ్రాత యందు మన పెద్దలకు అంత అనుమానము. వ్రాయువాని చేయి జారినచో తప్పు అట్లే నిలిచిపోవును. నోటి తప్పును ప్రక్కవాడు వెంటనే పట్టును.

అట్లు పట్టుటకు వారు చేసిన ఏర్పాటు పేరేమి? వికృతి! సంహిత, పదము, క్రమము అను మూడు ప్రకృతి పాఠములు. వాని మీద జట, మాల, శిఖ, రేఖ, ధ్వజ, దండ, రథ, ఘన అని ఎనిమిది వికృతి పాఠములు. క్రమమున ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అని పదములు జంటలుగా నడచును. జటలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని ముందునకు వెనుకకు పెనవేయబడును. ఘనలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని ఒక్కొక్క పదము అన్ని వైపుల నుండి పరీక్షింపబడును. ఒక్క అక్షరము జారినను, ఒక్క స్వరము తప్పినను వెనుకకు త్రిప్పి చెప్పునపుడు బయటపడక మానదు. పదముల వరుసను మార్చి, తలక్రిందులు చేసి, అట్లు చేయుటచేతనే అసలు వరుసను వేల సంవత్సరములు కాపాడిరి. ప్రకృతికి రక్షకుడు వికృతి. 2003లో యునెస్కో సంస్థ వేదపఠన సంప్రదాయమును మానవజాతి వారసత్వముగా ప్రకటించి, 2008లో తన పట్టికలో చేర్చినది. వారు చేర్చినది గ్రంథమును కాదు, చెప్పు పద్ధతిని.

ఒక ఘనపాఠి అసలా, నకలా? గురువు నుండి మోసికొని వచ్చినవాడు గనుక నకలు. ఆయన నోట వెలువడునది తప్ప వేదమునకు వేరొక అసలు లేదు గనుక అసలు. ఆ రెండు మాటలును ఒకే మనుష్యునియందు నిలుచు చోటు ఇది. అందుచేతనే పాఠశాలలలో పిల్లలు తగ్గుచున్నారన్నపుడు మా వంటివారికి అంత ఆందోళన. దేవాలయము పాతబడినచో మరల కట్టవచ్చును. సంత తెగినచో మరల అతికించుటకు అసలు ప్రతి ఏదియు మిగులదు.

ఇంతవరకు పుట్టుకను, మూలమును పొగడితిని. లోకమునందు చట్టమును దీనినే అంగీకరించినది. 1999లో చేయబడి 2003 సెప్టెంబరు నుండి అమలునకు వచ్చిన భౌగోళిక సూచికల చట్టము, ఒక వస్తువు గుణము అది పుట్టిన నేలకు సంబంధించినదైనచో ఆ నేలవారికే ఆ పేరు వాడు హక్కును కలిగించినది. 2022 డిసెంబరులో తాండూరు కందికి ఆ గుర్తింపు లభించినది. తాండూరు కందిపప్పు రుచి మీకు నేను చెప్పనక్కరలేదు. మా ఇంట స్వామి నివేదనకు ఆ పప్పే కావలెనని పట్టు. వేరొకచోట పండిన కందిని ఆ పేరుతో అమ్మినచో నేడు అది నేరము. నిజమనగా అక్కడ పుట్టినది యను అమరసింహుని అర్థము ఈనాడు కందిగింజ మీదికి తిరిగి వచ్చినది.

అయితే కందిగింజకు సరిపోయిన న్యాయము మనుష్యునికి సరిపోవునా? ఇచ్చట మన వైదికులు కొందరు, నాతోడి వయస్సు వారే, తొందరపడుదురు. నిజమనగా పుట్టుక, కనుక పుట్టుక చాలునందురు. నేను అంగీకరింపను. ఏలయన, ఛాందోగ్యముననే చతుర్థాధ్యాయమున సత్యకాముని కథ కలదు.

జబాల యను స్త్రీ కుమారుడు సత్యకాముడు. బ్రహ్మచర్యమునకు పోదలచి తల్లిని తన గోత్రమేదని అడిగెను. ఆమె, యౌవనమున పలుచోట్ల పరిచర్యలు చేయుచు తిరిగిన కాలమున నిన్ను కంటిని, గోత్రము నేనెరుగను, నా పేరు జబాల గనుక సత్యకామ జాబాలుడనని చెప్పుకొనుము అని చెప్పినది. ఆ బాలుడు హారిద్రుమతుడగు గౌతముని వద్దకు పోయెను. గోత్రమడుగగా తల్లి చెప్పినది చెప్పినట్లు, ఒక్క మాటయు దాచక చెప్పెను. ఏదో ఒక గోత్రము పేరు చెప్పియుండవచ్చును. ఎవరు పోయి విచారింతురు? చెప్పలేదు. గౌతముడు సంతసించి, సత్యము నుండి తొలగనివాడవు, సమిధలు తెమ్ము, ఉపనయనము చేయుదునని పలికెను. ఇట్లు పలుకుట బ్రాహ్మణునికే తగునని గౌతముడు అనెను గనుక, సత్యమును బట్టి పుట్టుకను ఊహించెనని భాష్యములు చెప్పును. సరియే. కాని క్రమమును గమనింపవలెను. పుట్టుకను చూచి సత్యమును నిర్ణయింపలేదు. సత్యమును చూచి పుట్టుకను నిర్ణయించెను. కాగితము లేని బాలుడు తన మూలము తెలియదని చెప్పుటయే ఆయనకు ముద్ర యైనది. తెలియని మూలమును తెలిసినట్లు చెప్పియుండినచో ఆ క్షణముననే నకిలీ యగును.

తరువాతి కథ కూడ వినవలెను. ప్రవచనములలో సాధారణముగా దీనిని విడిచిపెట్టుదురు. గౌతముడు బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను వేరుచేసి వాని వెంట పొమ్మనెను. సత్యకాముడు అవి వేయి కానిదే తిరిగి రానని అడవికి పోయెను. ఏండ్లు గడచినవి. ఆవులు వేయి యైనవి. త్రోవలో వృషభము బ్రహ్మవిద్యలో ఒక పాదము చెప్పెను. అగ్ని ఒకటి, హంస ఒకటి, మద్గువను నీటిపక్షి ఒకటి చెప్పెను. ఇట్లు విద్య పూర్ణముగా లభించిన పిమ్మట అతడు ఆచార్యుని ఇల్లు చేరెను. గౌతముడు అతని ముఖము చూచి, బ్రహ్మమెరిగినవానివలె ప్రకాశించుచున్నావు, నీకెవరు చెప్పిరని అడిగెను. మనుష్యులు కానివారు చెప్పిరని సత్యకాముడు బదులు చెప్పి, అయినను ఆచార్యుని వలన తెలిసిన విద్యయే శ్రేష్ఠమని మీవంటివారి వలన వినియున్నాను, నాకు మీరే చెప్పవలెనని ప్రార్థించెను. గౌతముడు అతనికి ఆ విద్యనే మరల చెప్పెను. అందు ఏమియు లోపింపలేదని ఉపనిషత్తు చెప్పుచున్నది.